చిత్తూ బొత్తూ

పొద్దున్నే పత్రిక తెరిస్తే ఆటల పేజీలో ఏదో ఒక జట్టు మరో జట్టును చిత్తు చేసి ఉంటుంది. ఎన్నికల రోజుల్లో అయితే చెప్పనే అక్కర్లేదు, మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చిత్తయినవాళ్ళే. ముప్పై ఏళ్ళు ఒక పత్రికాఫీసులో వార్తలకు తలకట్లు పెట్టే ఉద్యోగం వెలగబెట్టినవాణ్ణి గనుక, ఈ మాటతో నేను ఎందరిని మట్టి కరిపించానో లెక్కలేదు. రెండే అక్షరాలు. ఎంత ఇరుకు స్థలంలోనైనా ఒదిగిపోతుంది. అటువంటి మాట దొరికితే తలకట్లు పెట్టేవాడు వదులుతాడా?

తీరా చూస్తే ఆ మాటకు అర్థం నాకు తెలియదట. ఈ సంగతి నా అరవై ఎనిమిదో ఏట మా మనవడు బయటపెట్టాడు.

మనవడంటే మా పెద్దమ్మాయి కొడుకు. పదమూడేళ్ళవాడు. అల్లుడికి ఏడాదికో ఊరు బదిలీ అవుతుంటే చదువు చెడుతుందని, లాల్ దర్వాజాలో మా దగ్గర ఉంచారు. చదువు సంగతి దేవుడెరుగు, వాడికి కుస్తీ పిచ్చి పట్టుకుంది. బళ్ళో స్నేహితుడొకడు మొఘల్‌పురాలో తాలీముకు పోతుంటే వీడూ వెంటపడ్డాడు. తెల్లవారుజామున లేపకుండా లేస్తున్నాడు గదా అని నేనూ ఊరుకున్నాను. ఇలా ఉండగా ఒకనాడు బడుల మధ్య పోటీ జరిగింది. వీడు మొదటి కుస్తీలోనే ఓడి ఇంటికి వచ్చాడు.

రాత్రి భోజనాల దగ్గర, ఏదో వాడి మనసు తేలిక చేద్దామనే సుమండీ, "ఏరా, చిత్తుగా ఓడిపోయావటగా!" అన్నాను.

వాడు ముద్ద కంచంలో పెట్టేశాడు. "చిత్తు కాలేదు తాతయ్యా. ఎనిమిదికి రెండు. పాయింట్ల మీద ఓడాను."

"ఎనిమిదికి రెండంటే చిత్తు కాక మరేమిటిరా? చిత్తుకాగితాన్ని నలిపినట్టు నలిపేశాడన్నమాటేగా!"

వాడు లేచి చెయ్యి కడుక్కున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "తెలియకపోతే మా ఉస్తాద్‌ని అడుగు. అంతేగాని ఆ మాట అనకు" అని వెళ్ళి పడుకున్నాడు. మజ్జిగన్నం అలాగే ఉండిపోయింది.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మా ఆవిడ మాట్లాడింది గాని, అది ఇక్కడ రాయదగ్గది కాదు. నాకూ పౌరుషం వచ్చింది. జీవితమంతా మాటలతో బతికినవాడికి పదమూడేళ్ళ కుర్రాడు మాట నేర్పడమా? అలమరలోంచి నిఘంటువు తీశాను. చిత్తుప్రతి ఉంది, చిత్తు లెక్క ఉంది. నా వాదానికి బలం దొరికిందనే అనుకున్నాను. అయినా ఏ మూలో అనుమానం. మూడో రోజు తెల్లవారకముందే, వాడికి తెలియకుండా, చెప్పులు వేసుకుని బయలుదేరాను.

మొఘల్‌పురా ఎరగనివాళ్ళకు ఆనవాలు చెబుతాను. చార్మినారు దగ్గర నిలబడి శాలిబండ వైపు మొగం పెట్టి నడిస్తే, ఎడమచేతి వైపు సందులు మిమ్మల్ని మొఘల్‌పురాలోకి తీసుకుపోతాయి. మాకైతే లాల్ దర్వాజా నుంచి నడకే. ఆ వేళకు ఇంకా దుకాణాలు తీయలేదు. ఇరానీ చాయ్ ఒక్కటే లేచి కూర్చుంది. ఒక సందు మలుపులో పాత గోడ, దానికి పొట్టి తలుపు. నాలాంటివాడు కూడా తల వంచుకునే లోపలికి పోవాలి.

ఉత్తరాదిలో అఖాడా అనే చోటును హైదరాబాదులో తాలీము అంటారు. అరబ్బీలో తాలీం అంటే చదువు చెప్పడం. మనం బడికి పెట్టాల్సిన పేరు ఇక్కడ కుస్తీ పట్టే చోటుకు పెట్టారు. లోపల మోకాలి లోతు మట్టి గుంట. ఆ మట్టి ఉత్త మట్టి కాదు. రాళ్ళు ఏరి, జల్లించి, నూనె, పసుపు, మజ్జిగ కలిపి, రోజూ పారతో తిరగేసిన మట్టి. అడుగు పెడితే పిండిలా ఉంటుంది, పుండు పడనివ్వదు అంటారు. గోడవారన బరువైన చెక్క ముద్గరాలు, గద. నలుగురైదుగురు కుర్రాళ్ళు లంగోటీలతో దండీలూ బస్కీలూ తీస్తున్నారు. ఒక మూల, మరి కాలం మారింది గదా, ఇనప బరువుల సరంజామా కూడా కొంత చేరింది.

ఉస్తాద్‌కు డెబ్బై దాటి ఉంటాయి. చెవులు రెండూ నలిగి ముద్దకట్టి ఉన్నాయి. అది పహిల్వాన్‌కు పట్టా లాంటిది. నన్ను కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. ఆయన మాట్లాడింది దక్కనీ ఉర్దూ. మీకోసం తెలుగులో పెడుతున్నాను.

నేను వచ్చిన పని చెప్పగానే ఆయన నవ్వలేదు. కొంచెం బాధపడ్డట్టే కనిపించాడు.

"పిల్లవాణ్ణి ఆ మాట అనేశారా సాబ్?" అన్నాడు. జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి బొటనవేలితో ఎగరేశాడు. అది పడ్డాక, "ఇటు పడితే చిత్, అటు పడితే పట్. ఇందులో కొంచెం చిత్, ఎక్కువ చిత్ ఉంటాయా?" అని అడిగాడు.

నాకు చప్పున తట్టింది. చిత్తూ బొత్తూ! చిన్నప్పుడు గవ్వలతో, కానులతో మేము ఆడిన ఆట పేరు అదే గదా. బొమ్మా బొరుసూ అన్నా అదే. ఇప్పటికీ చిత్తుబొత్తు జూదం ఆడుతూ పోలీసులకు చిక్కినవాళ్ళ వార్తలు పత్రికల్లో వస్తూనే ఉంటాయి. ఒకే పత్రికలో నేరాల పేజీలో ఆ చిత్తు, ఆటల పేజీలో ఈ చిత్తు. రెండూ దిద్ది అచ్చుకు పంపినవాణ్ణి నేనే. ముప్పై ఏళ్ళలో ఒక్కనాడైనా ఆ రెండూ ఒకటే కాబోలునని నాకు తోచలేదు.

హిందీ, ఉర్దూల్లో చిత్ అంటే వెల్లకిలా. ముఖం ఆకాశం వైపు, వీపు నేలమీద. పట్ అంటే బోర్లా. మరాఠీవాళ్ళు కుస్తీలో పడగొట్టడాన్ని చిత్‌పట్ చేయడమంటారు. నాణెమైనా మనిషైనా లెక్క ఒకటే, ఏ వైపు పైకి ఉంది అన్నదే ప్రశ్న. మన చిత్తుకాగితానికీ దీనికీ పోలిక అక్షరాల్లోనే.

"రెండు భుజాలూ ఒకేసారి మట్టికి ఆనాలి, సాబ్. ఒక భుజం ఆని రెండోది వేలెడు ఎత్తున ఉన్నా కుస్తీ నడుస్తున్నట్టే" అని ఉస్తాద్ ఇద్దరు కుర్రాళ్ళను పిలిచాడు.

వాళ్ళు గుంటలోకి దిగి, మట్టి తీసి ఒకరి ఒంటికొకరు రాసుకుని, చేతులు కలిపారు. ఒకడు రెండోవాడి చెయ్యి దొరకపుచ్చుకుని, వెనక్కి తిరిగి, భుజం మీదుగా గిరాటు వేశాడు. ఈ పట్టుకు ధోబీపాట్ అని పేరు. చాకలి బండ మీద బట్ట ఉతికినట్టన్నమాట. పడ్డవాడి పని అయిపోయిందనే అనుకున్నాను. వాడు గాల్లోనే పిల్లిలా మెలి తిరిగి బోర్లా పడ్డాడు. పడి, కాళ్ళూ చేతులూ చాపి మట్టిని కరుచుకున్నాడు. పైవాడు వాడి మెడ వంచాడు, నడుం పట్టి ఎత్తాడు, మోకాలితో నొక్కాడు. చూస్తున్న నాకే ఒళ్ళు నొప్పులు పుట్టాయి. అయిదు నిమిషాలు గడిచినా వాడు తిరగలేదు. "వీడు ఓడలేదు. దెబ్బలు తిన్నాడు, అంతే" అన్నాడు ఉస్తాద్. ఆ మాట ఇంకా ఆయన నోట్లో ఉండగానే పైవాడు ఏం చేశాడో, కిందివాడు ఒక్క గిర్రున తిరిగాడు. రెండు భుజాలూ మట్టికి తాకాయి. గోడవారన ఉన్న పిల్లలందరూ ఒక్క గొంతుతో "చిత్!" అన్నారు. అంతే. పైవాడు లేచి కిందివాడికి చెయ్యి అందించాడు.

ఉర్దూలో దీన్నే "చారోఁ షానే చిత్" అంటారు. షానా అంటే ఫార్సీలో భుజం. మనిషికి భుజాలు రెండే గదా, నాలుగెక్కడివి అని అడిగితే, రెండు భుజాలూ రెండు తుంట్లూ లెక్కపెట్టుకోమన్నాడు ఉస్తాద్. హిందీవాళ్ళ నోట్లో షానే కాస్తా ఖానే అయి "చారోఁ ఖానే చిత్" అయింది. ఓడించడానికి "ఆకాశం చూపించాడు" అని కూడా అంటారట. వెల్లకిలా పడ్డవాడికి కనిపించేది అదే మరి.

అప్పుడు అడిగాను, మా వాడి సంగతేమిటని.

"ఎదటి పిల్లవాడు బలమైనవాడు. ఎనిమిది పాయింట్లు చేశాడు. ఆఖరి నిమిషమంతా మీవాడి మీద ఎక్కి తిప్పుదామని చూశాడు. మీవాడు ఉడుములా పట్టుకుని పడుకున్నాడు. తిరగలేదు" అని చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నేను వాడికి రెండేళ్ళుగా చెబుతున్నది ఆ ఒక్కటే సాబ్. ఓడితే ఓడు, వీపు ఇవ్వకు. వాడు ఇవ్వలేదు. ఇంటికొచ్చాక మీరు ఇప్పించారు."

నేను చాయ్ చల్లారబెట్టుకున్నాను.

పాయింట్లు వేరు, చిత్తు వేరు అన్నది ఒక్క మొఘల్‌పురా శాస్త్రమేమీ కాదు. ఒలింపిక్స్‌లోనూ ఇదే నియమం. ఫ్రీస్టయిల్ కుస్తీలో పది పాయింట్ల తేడా వస్తే ఆట ముగిస్తారు. కాని తొమ్మిది–సున్నాతో ముందున్నవాడు సైతం రెండు భుజాలూ ఆనించి దొరికిపోతే ఆ తొమ్మిదీ గాలికి పోయినట్టే, గెలుపు ఎదటివాడిది. జపానువాళ్ళ జూడోలో కూడా వేగంగా, బలంగా, వీపు మీదకు విసిరేస్తే అక్కడితో ఆట సరి. అదే జపానువాళ్ళు సుమోలో మాత్రం వేరే లెక్క పెట్టుకున్నారు. అరికాళ్ళు తప్ప ఒంట్లో ఏ భాగం నేలకు తాకినా ఓటమే. ఆ లెక్కన మావాడు మొదటి నిమిషంలోనే ఇంటికి రావలసింది.

బోర్లా పడుకునే ఓటమి తప్పించుకున్నవాళ్ళలో అందరికంటె గొప్పవాడు జ్బిస్కో. పోలండు దేశపు మల్లుడు, కొండలాంటి మనిషి. 1910 సెప్టెంబరు 10న లండనులో ఆయనకూ మన గామా పహిల్వాన్‌కూ కుస్తీ జరిగింది. గామా పొడుగరి కాడు, తూకంలోనూ తక్కువే. అయినా మొదటి నిమిషంలోనే జ్బిస్కోను కింద పడేశాడు. జ్బిస్కో ఏం చేశాడనుకున్నారు? బోర్లా పడి చాపను కరుచుకున్నాడు. లేవలేదు, తిరగలేదు. రెండున్నర గంటలు! గామా ఎన్ని పట్లు పట్టినా ఆ కొండ వెల్లకిలా తిరగలేదు. చూడవచ్చిన జనం విసిగి గోల చేశారు. చివరికి ఎవరూ గెలవలేదని ప్రకటించారు. వారం తిరిగి 17వ తేదీన మళ్ళీ కుస్తీ అంటే జ్బిస్కో రానేలేదు. పందెం గామాకు ఇచ్చేశారు.

ఆ బాకీ తీరడానికి పదిహేడేళ్ళకు పైగా పట్టింది. 1928 జనవరిలో పటియాలా మహారాజు ఇద్దరినీ మళ్ళీ కలిపాడు. ఈసారి చాప కాదు, మన మట్టి. నిమిషం తిరక్కుండానే జ్బిస్కో వెల్లకిలా ఉన్నాడు. చూశారా, లండనులో రెండున్నర గంటలు నలిగినవాడు చిత్తు కాలేదు, పటియాలాలో చొక్కాకు నలక పడేంత సేపైనా పట్టకుండా చిత్తయ్యాడు. నా తలకట్ల లెక్కన చూస్తే ఇది తలకిందులు.

తిరిగి వస్తూ దారిపొడుగునా ఆలోచించాను. ఈ మాటకు "గా" తగిలించి "చిత్తుగా" చేసిందీ, చాలక "చిత్తుచిత్తుగా" అని సాగదీసిందీ మన తెలుగువాళ్ళమే కాబోలు. పడ్డ తీరు చెప్పే మాటను తెచ్చుకుని, దెబ్బల కొలత చెప్పే మాటగా వాడుకున్నాం. ఎంత అన్నది మనకు కావాలి. ఏ వైపు అన్నదే వాళ్ళకు కావాలి.

మనకు కుస్తీ కొత్త కాదు. కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు పన్నెండో శతాబ్దంలో రాసిన మానసోల్లాసంలో మల్లవినోదమని ఒక భాగమే ఉంది. శ్రీకృష్ణదేవరాయలు తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, ఒంటికి రాసుకుని, చెమట పట్టేదాకా సాము చేసి, ఒక జెట్టితో కుస్తీ పట్టేవాడని 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు పేస్ రాశాడు. పట్టు, పట్టువిడుపు, పైచేయి, తొడకొట్టడం, జబ్బ చరచడం, గోదాలోకి దిగడం, అన్నీ ఆ మట్టివాసన ఉన్న మాటలే. ఎన్నికల "బరి" కూడా పోటీకి గీసిన హద్దే, ఆ హద్దు దాటినవాడే బరితెగించినవాడు. "కింద పడ్డా పైచేయి నాదే" అంటే ఇన్నాళ్ళూ బడాయి మాట అనుకున్నాను. గుంట గట్టున కూర్చుని చూశాక తెలిసింది, కిందివాడి చెయ్యి పైవాడి మెడ మీద ఉండడం నిక్షేపంలా జరిగే పని.

కాని ఒకచోట మన భాష కుస్తీ గుంటకు ఎదురు తిరిగింది. ఓడినవాణ్ణి మనం బొక్కబోర్లా పడ్డాడంటాం. మట్టి కరిచాడంటాం. మట్టి కరవాలంటే బోర్లా పడాలి గదా! ఉస్తాద్ దృష్టిలో మట్టి కరిచినవాడు బుద్ధిమంతుడు. అన్నట్టు, వెల్లకిలా పడుకుని గెలిచినవాడు కూడా మనలో ఒకాయన ఉన్నాడు. వీరఘట్టం నుంచి వచ్చిన కోడి రామమూర్తి నాయుడుగారు. ఆయన రొమ్ము మీద ఏనుగును ఎక్కించుకునేవాడు. ఆయన్ని చిత్తయ్యాడనే ధైర్యం ఎవరికుంది?

ఇంటికి చేరి ఇదంతా మా ఆవిడకు చెప్పాను. ఆవిడ పోపు వేస్తూ విన్నది. గామా దగ్గర ఊఁ కొట్టలేదు, రాయల దగ్గరా కొట్టలేదు. బోర్లా పడ్డవాడు ఓడినట్టు కాదట అన్నప్పుడు మాత్రం గరిటె ఆపింది.

"ఇది తెలుసుకోవడానికి మొఘల్‌పురా దాకా పోయారా?" అన్నది. "పిల్లలు బోర్లా పడితే మనం ఏం చేస్తాం?"

నిజమే. అడుగులకు అరిసెలు, బోర్లా పడితే బొబ్బట్లు. పుట్టిన నాలుగైదు నెలలు వెల్లకిలా పడుకుని ఇంటికప్పు చూసిన పసివాడు, ఒకనాడు పిడికిళ్ళు బిగించి, ఎర్రగా కంది, ఎవరి సాయమూ లేకుండా బోర్లా తిరుగుతాడు. ఆ రోజు వీధిలో వాళ్ళందరికీ బొబ్బట్లు పంచుతాం. వీడు పడ్డది ఈ ఇంట్లోనే. పిండి కలిపింది ఈవిడే.

ఆ ఆదివారం మా ఇంట్లో బొబ్బట్లు చేశారు. పండగా పబ్బమా, ఎందుకమ్మమ్మా అని వాడు అడిగాడు. "మొన్న పోటీలో బోర్లా పడ్డావటగా, అందుకు" అన్నది ఆవిడ. వాడు నా వంక చూశాడు. నేను నేతిగిన్నె వాడి వైపు జరిపాను. మూడు తిన్నాక, "ఉస్తాద్ దగ్గరకు వెళ్ళావటగా" అన్నాడు. ఊఁ అన్నాను. ఇంకోటి వేసుకున్నాడు.

తరవాత రెండు వారాలకు తాలీములో పిల్లలకు లోపల్లోపల కుస్తీలు పెట్టారు. నన్ను రావద్దన్నాడు. చీకటిపడే వేళకు తలుపు చప్పుడైంది. నేను మొగం వంక చూడబోయాను. వాడు గుమ్మంలోనే వెనక్కి తిరిగి చొక్కా పైకెత్తి నిలబడ్డాడు. రెండు రెక్కల మీదా రెండు ముద్రలు వేసినట్టు గుండ్రంగా ఎర్రమట్టి.

"ఇప్పుడు రాసుకో తాతయ్యా" అన్నాడు.

"స్నానం చేసిగాని ఆ వీపు గోడకు ఆనించకు, మొన్ననే సున్నం వేయించాం" అన్నది మా ఆవిడ లోపలినుంచి.